నల్లపొడిలో పరమాణువులు ఎలా కూర్చున్నాయి? కార్బన్ నానోపదార్థాల నిర్మాణం తేల్చే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి సరిహద్దు ఊళ్ల కళాశాలల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కార్బన్‌ను ఎంచుకునే మన తెలుగు పిల్లలు తరచూ తారసపడుతుంటారు. ముడిసరుకు చేతికందే దూరంలో ఉండడమే కారణం. రాయగడ, కలహండి, బలంగీర్ వైపు కొండరాళ్లలో గ్రాఫైటు రేకులు ఉన్నాయి. గంజాంలో జీడితోటలున్నాయి. సరిహద్దు దాటి పలాసకు వెళ్తే జీడితొక్క కావలసినంత దొరుకుతుంది. ఒకరు గ్రాఫైటును ఆక్సీకరించి పొరలు విడదీస్తారు, ఇంకొకరు తొక్కను గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తారు. చివరికి ఇద్దరి చేతిలోనూ మిగిలేది ఒక నల్లపొడి సీసా, దాని మీద ‘గ్రాఫీన్’ (ఒక్క పరమాణువు మందపు కార్బన్ పొర) అన్న చీటీ. చాలాసార్లు అది పేరు గొప్ప, ఊరు దిబ్బ వ్యవహారమే.

ఆ సీసాలో నిజంగా ఏముందో తేల్చే పద్ధతి ఇది. ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఏ పరికరమూ నిర్మాణాన్ని నేరుగా చూపించదు. వర్ణపటం చేసేది కొన్ని అవకాశాలను కొట్టేయడమే. ఆ అవకాశాలను పరమాణువుల స్థానాలతో సహా రాసిపెట్టి, ఒక్కొక్కటి నిజమైతే వర్ణపటం ఎలా ఉండాలో ముందుగా చెప్పడం గణన పని. రెండూ ఒకదాన్నొకటి పరీక్షిస్తేనే ఫలితానికి విలువ.

మొదటి మెట్టు: ప్రశ్నను, అభ్యర్థులను కాగితం మీద పెట్టండి

‘నిర్మాణం’ అన్న మాట అన్ని కార్బన్లకూ ఒకే అర్థంలో వాడలేం. గ్రాఫీన్‌కైతే ఎన్ని పొరలు, ఒకదానిపై ఒకటి ఏ కోణంలో ఉన్నాయి, లోపాలు ఏ రకానివి అన్నవి ప్రశ్నలు. గ్రాఫీన్ రేకును గొట్టంగా చుట్టినట్టుండే నానోట్యూబుకు రెండు పూర్ణసంఖ్యలు చాలు, వాటితో ప్రతి పరమాణువు స్థానమూ తేలిపోతుంది. గ్రాఫీన్ ఆక్సైడ్‌లో ఏ ఆక్సిజన్ సమూహం ఎంత మేర ఉందో కావాలి. జీడితొక్క బొగ్గుకు అసలు ‘ఒక’ నిర్మాణమే ఉండదు. దాని విషయంలో అడగగలిగేది గణాంకాలే: మూడు పొరుగు పరమాణువులున్న కార్బన్లు ఎన్ని వంతులు, నాలుగున్నవి ఎన్ని, ఐదు భుజాల వలయాలు ఎన్ని, ఆరు, ఏడు భుజాలవి ఎన్ని.

అభ్యర్థుల (అంటే సాధ్యమైన నిర్మాణాల) జాబితా ముందే రాసుకోవడం ఎంత బలమైన పనిముట్టో సి60 చరిత్ర చెబుతుంది. 1985లో క్రోటో, కర్ల్, స్మాలీ బృందం ద్రవ్యరాశి వర్ణపటంలో 60 కార్బన్ల గుంపును చూసి ఫుట్‌బాల్ ఆకారాన్ని ప్రతిపాదించింది. అప్పటికి చేతిలో ఉన్నది ద్రవ్యరాశి ఒక్కటే. అయితే ఆ ఆకారం నిజమైతే ఏం జరగాలో సౌష్ఠవ గణితం ముందే చెప్పగలదు. 60 పరమాణువులకు 174 కంపనాలు ఉంటాయి, వాటిలో పరారుణంలో కనిపించవలసినవి నాలుగే. పరమాణువులన్నీ ఒకే రకం పరిసరాల్లో ఉంటాయి కాబట్టి కార్బన్-13 ఎన్ఎమ్ఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను చూసే పద్ధతి) ఒక్క గీతే రావాలి. 1990లో క్రాట్ష్మర్, హఫ్‌మన్ బృందం పదార్థాన్ని చేతికందే పరిమాణంలో తయారు చేసినప్పుడు పరారుణంలో 527, 576, 1182, 1428 సెం.మీ⁻¹ దగ్గర బలమైన గీతలు నాలుగే వచ్చాయి. అదే ఏడాది ఎన్ఎమ్ఆర్‌లో 143 పీపీఎమ్ దగ్గర ఒంటరి గీత, పక్కనే సి70కి లెక్క చెప్పినట్టే ఐదు గీతలు కనిపించాయి. గీతల స్థానాల కన్నా వాటి సంఖ్య ఎక్కువ తీర్పు చెప్పింది. మీ జాబితాలోనూ ప్రతి అభ్యర్థి ఎదుట ‘ఇది నిజమైతే ఏది కనిపించకూడదు’ అన్న గడి ఒకటి పెట్టుకోండి. ఎక్కువ ఉపయోగపడే గడి అదే.

రెండో మెట్టు: నమూనాను నమ్మదగినదిగా చేయండి

కొండరాయి గ్రాఫైటుతో పాటు క్వార్ట్జ్, గార్నెట్ వంటి ఖనిజాలు వస్తాయి. జీడితొక్క బొగ్గులో పొటాషియం, కాల్షియం లవణాలు ఉంటాయి. కొన్న నానోట్యూబుల్లో ఇనుము, కోబాల్టు, నికెల్ ఉత్ప్రేరకాల రేణువులు మిగిలిపోతాయి. అందుకని మొదట గాలిలో 900 డిగ్రీల సెల్సియస్ దాకా థర్మోగ్రావిమెట్రీ (వేడి చేస్తూ బరువు కొలవడం) చేయించి బూడిద ఎంతో చూడండి. బూడిద బాగా మిగిలితే ఆమ్లంతో కడిగి మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

మన తీరప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు తేమ. గ్రాఫీన్ ఆక్సైడ్ పొరల మధ్యకు నీరు దూరుతుంది. పొరల దూరం ఎండిన స్థితిలో 6, 7 ఆంగ్‌స్ట్రాముల దగ్గర ఉండి, తడిస్తే 12 దాకా పోతుంది. వానాకాలంలో బరంపురంలో తీసిన ఎక్స్-కిరణ వివర్తనాన్ని వేసవిలో తీసినదానితో పోల్చి ‘ఆక్సీకరణ పెరిగింది’ అని రాస్తే నవ్వులపాలవుతారు. నమూనాను శూన్యంలో ఆరబెట్టి, సిలికా జెల్‌తో బిగుతుగా మూసి, కొలిచిన రోజు గది తేమను నోటుపుస్తకంలో రాయండి.

ఎక్స్-కిరణ వివర్తనం చవక, త్వరగా అయిపోతుంది. రాగి ఎక్స్-కిరణ గొట్టంతో తీస్తే గ్రాఫైటు ప్రధాన పీక్ 26.5 డిగ్రీల దగ్గర, అంటే 3.36 ఆంగ్‌స్ట్రాముల పొరల దూరానికి వస్తుంది. పొరలు క్రమం తప్పి అడ్డదిడ్డంగా పేరుకుంటే దూరం 3.44 వైపు జరుగుతుంది. గ్రాఫీన్ ఆక్సైడ్‌ది 11 డిగ్రీల చుట్టుపక్కల. ‘గ్రాఫీన్’ అన్న చీటీ ఉన్న సీసాలో 26.5 దగ్గర సన్నని నిటారు పీక్ ఉంటే, అందులో చాలా భాగం గ్రాఫైటే. అక్కడితో ఆగి తయారీ పద్ధతిని సరిచేసుకోండి.

మూడో మెట్టు: రామన్, తొందరపడకుండా

నమూనా మీద పడి చెదిరిన లేజరు కాంతిలో పరమాణువుల కంపనాలను చదివేది రామన్ వర్ణపటం. సి.వి. రామన్ 1928లో కనుగొన్న ప్రభావం మీద నిలిచిన ఈ పద్ధతి కార్బన్ విషయంలో ఇచ్చేటంత సమాచారం మరేదీ ఇవ్వదు, తప్పుదారి పట్టించడంలోనూ దీనిదే మొదటి స్థానం. కొలిచే ముందు సిలికాన్ ముక్కతో 520.5 సెం.మీ⁻¹ గీతను సరిచూడండి. నల్లపొడి కాంతిని మింగి వేడెక్కుతుంది, వేడెక్కితే పీకులు కిందికి జరుగుతాయి. కాబట్టి నమూనా మీద పడే శక్తిని ఒక మిల్లీవాట్ లోపే ఉంచి, దాన్ని సగం చేసినా పీక్ కదలడం లేదని రూఢి చేసుకోండి. ఒక్కచోట కాకుండా కనీసం పది, ఇరవై చోట్ల కొలవండి. అందమైన చోటొక్కటే ఎంచి చూపడం మోసం కిందికే వస్తుంది.

చూడవలసినవి ముఖ్యంగా మూడు. 1582 దగ్గరి జీ బ్యాండ్ మూడు పొరుగు పరమాణువులున్న కార్బన్ల (ఇకపై ‘మూడు బంధాల’ కార్బన్, నాలుగున్నది ‘నాలుగు బంధాల’ కార్బన్) జంట సాగుడు. 1350 దగ్గరి డీ బ్యాండ్ లోపమో అంచో ఉంటేనే కనిపిస్తుంది. 2700 దగ్గరి 2డీ బ్యాండ్‌కు లోపం అక్కరలేదు. లేజరు మారిస్తే డీ స్థానం మారుతుందన్నది చాలామంది మరిచిపోయే సంగతి. కాంతి శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు పెరిగితే డీ దాదాపు 50 సెం.మీ⁻¹ పైకి పోతుంది. 532 నానోమీటర్ల లేజరుకూ 633 లేజరుకూ మధ్య ఈ ఒక్క కారణంగానే 20 దాకా తేడా వస్తుంది. దాన్ని ‘ఒత్తిడి వల్ల జరిగిన మార్పు’ అని వివరించిన ప్రాజెక్టు నివేదికలు లేకపోలేదు. మంచి గ్రాఫైటులో జీ మాత్రం లేజరుతో కదలదు. రెండు లేజర్లతో కొలిచినప్పుడు జీ కూడా కదిలితే మీ పదార్థంలో అస్తవ్యస్తత బాగా ఎక్కువన్నమాట. జీడితొక్క బొగ్గు పట్టుకొచ్చినవారికి నేను మొదట చెప్పేది ఈ పరీక్షే.

“మాస్టారూ, 2డీలో ఒక్కటే పీక్ వచ్చింది, ఒంటి పొరే కదండీ?” అని గుణుపురం విద్యార్థి ఒకరు ఆశగా అడిగారు. కాగితం మీద పీక్ వెడల్పు కొలిస్తే 50 సెం.మీ⁻¹ దాటింది. అసలైన ఒంటి పొరలో ఆ వెడల్పు 25 నుంచి 30. పొరలు ఎన్ని ఉన్నా వాటి మధ్య కోణాల క్రమం లేకపోతే 2డీ ఒక్క పీకుగానే వస్తుంది, వెడల్పు మాత్రం పెరుగుతుంది. క్రమంగా పేర్చిన రెండు పొరల్లోనైతే అది నాలుగు భాగాలుగా చీలుతుంది. ఆకారమూ వెడల్పూ రెండూ సరిపోతేనే ఒంటి పొర అనాలి.

స్ఫటిక భాగాల వెడల్పు అంచనాకు 2006లో కన్‌సాడో బృందం ఇచ్చిన సూత్రం చేతికందేది: నానోమీటర్లలో వెడల్పు = 2.4 × 10⁻¹⁰ × లేజరు తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతం ÷ డీ, జీ వైశాల్యాల నిష్పత్తి. తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వేయాలి. 532 లేజరుకు ఇది 19.2ను నిష్పత్తితో భాగించడమే. నిష్పత్తి 1.2 అయితే 16 నానోమీటర్లు. ఎత్తులు కాదు, వైశాల్యాలు పెట్టాలి. భాగాలు రెండు నానోమీటర్ల కన్నా చిన్నవైతే ఈ సూత్రం తల్లకిందులవుతుంది. అస్తవ్యస్తత పెరుగుతుంటే నిష్పత్తి పెరగడం మాని తగ్గడం మొదలుపెడుతుంది. బొగ్గుకు దీన్ని కళ్లు మూసుకుని వాడకూడదని చెప్పేది అందుకే.

లోపాలు కొద్దిగానే ఉన్న గ్రాఫీన్‌లో వాటి రకాన్ని 1620 దగ్గరి చిన్న బ్యాండ్ పట్టిస్తుంది. డీ తీవ్రత దానికి 13 రెట్ల దగ్గర ఉంటే పరమాణువులు అతుక్కున్న నాలుగు బంధాల లోపాలు, ఏడు రెట్లయితే ఖాళీలు, మూడున్నర దగ్గరైతే అంచులు. ఈ పోలిక 2012లో ఎక్‌మన్ బృందం చూపినది.

నాలుగో మెట్టు: నానోట్యూబైతే రెండు అంకెల వేట

గ్రాఫీన్ రేకును ఏ దిశలో చుట్టారో చెప్పే రెండు సంఖ్యలే నానోట్యూబుకు చిరునామా. వాటి భేదం మూడుతో భాగింపబడితే లోహం, లేకపోతే అర్ధవాహకం. వ్యాసానికి సూత్రం: 0.246 × (మొదటి సంఖ్య వర్గం + రెండింటి లబ్ధం + రెండో సంఖ్య వర్గం)కు వర్గమూలం ÷ 3.1416, నానోమీటర్లలో.

(6,5) తీసుకోండి: 36 + 30 + 25 = 91. ఇప్పుడు (9,1): 81 + 9 + 1 = 91. రెండింటి వ్యాసమూ అచ్చుగుద్దినట్టు ఒకటే, 0.747 నానోమీటర్లు. యూనిట్ సెల్‌లోని (గొట్టం పొడవునా మళ్లీ మళ్లీ వచ్చే కనీస భాగంలోని) పరమాణువులు కూడా రెండింటిలోనూ 364. చుట్టిన కోణం మాత్రం ఒకదానిలో 27 డిగ్రీలు, ఇంకొకదానిలో 5 చిల్లర. గొట్టమంతా ఒక్కసారిగా ఉబ్బి తగ్గే కంపనం రామన్‌లో వ్యాసాన్ని చెబుతుంది. 223.5ను వ్యాసంతో భాగించి 12.5 కలిపే సూత్రంతో ఈ గొట్టాలకు 308 సెం.మీ⁻¹ వస్తుంది. అయితే ఆ సూత్రం కట్టినవారు బంధం పొడవును 1.42 కాక 1.44 ఆంగ్‌స్ట్రాములుగా తీసుకున్నారు, వారి లెక్కన వ్యాసం 0.757. ఒకరి వ్యాసాన్ని ఇంకొకరి సూత్రంలో వేస్తే సమాధానం నాలుగైదు సెం.మీ⁻¹ పక్కకు పోయి పొరుగు గొట్టాన్ని చూపించవచ్చు.

ఎంత జాగ్రత్తగా కొలిచినా ఈ కంపనం ఆ జంటను విడదీయడం కష్టం. విడదీసేది కాంతి. సబ్బు ద్రావణంలో విడిపోయిన (6,5) గొట్టం 567 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగి 975 దగ్గర వెలువరిస్తుంది. (9,1) గొట్టం 691 దగ్గర మింగి 912 దగ్గర వెలువరిస్తుంది. ఉత్తేజ తరంగదైర్ఘ్యాన్ని ఒక అక్షం మీద, వెలువడేదాన్ని ఇంకో అక్షం మీద పెట్టి పటం గీస్తే రెండూ దూరదూరంగా రెండు మచ్చలవుతాయి. 2002లో బచీలో, వైజ్‌మన్ బృందం ఈ మచ్చలకు అంకెలు కేటాయించినప్పుడు టైట్-బైండింగ్ (ఎలక్ట్రాన్లు పొరుగు పరమాణువుల మధ్య దూకుతాయనుకునే సులభమైన) గణనలోని పోకడలే దారి చూపాయి. వ్యాసం ఒకటే అయినా రెండు మచ్చలు అంత దూరంగా ఎందుకున్నాయో గణన లేకుండా అర్థం కాదు. భేదాన్ని మూడుతో భాగిస్తే (6,5)కి శేషం 1, (9,1)కి 2. గ్రాఫీన్ శక్తిపట్టీల త్రికోణపు వంకర ఈ రెండు జాతులనూ ఎదురెదురు దిక్కులకు నెడుతుంది.

లోహపు గొట్టాలు వెలుగును వెలువరించవు. ఉబ్బు కంపనం కూడా లేజరు ఆ గొట్టం శోషణకు దగ్గరగా ఉన్నప్పుడే కనిపిస్తుంది. కాబట్టి మీ పటంలో లేని గొట్టం మీ సీసాలో లేనట్టు కాదు.

ఐదో మెట్టు: మిగిలిన సాక్షులు

ఇక్కడికి వచ్చేసరికి పరికరాలు ఊరు దాటతాయి. కేంద్రప్రభుత్వపు ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికి భువనేశ్వర్‌లోనో విశాఖలోనో సమయం బుక్ చేసుకోవాలి.

ఎక్స్-కిరణ ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటం పైపై కొన్ని నానోమీటర్లనే చూస్తుంది. మూడు బంధాల కార్బన్ 284.5 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఒక ఆక్సిజన్‌తో ఒంటి బంధం ఉన్నది 286 పైన, కార్బొనిల్ 288 దగ్గర, కార్బాక్సిల్ 289 దగ్గర వస్తాయి. గ్రాఫైటు తరహా పీక్ స్వభావరీత్యా సౌష్ఠవం లేనిది, అధిక శక్తి వైపు తోక సాగుతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సౌష్ఠవ వక్రాలతో దాన్ని నింపితే ఆ తోకంతా లేని ఆక్సిజన్ సమూహాలుగా మారిపోతుంది. ఆక్సిజన్ పీక్ వైశాల్యంతో లెక్క సరిపోతుందో లేదో చూస్తే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది. ఎందుకో చాలామంది ఆ చిన్న లెక్క చేయరు.

ఘనస్థితి ఎన్ఎమ్ఆర్‌లో గ్రాఫీన్ ఆక్సైడ్ చక్కగా మాట్లాడుతుంది: ఎపాక్సైడ్ 60, హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్ 70, జంట బంధాలవి 130 పీపీఎమ్ చుట్టూ. కార్బన్-13 ప్రకృతిలో 1.1 శాతమే కాబట్టి గంటల తరబడి నడపాలి. హైడ్రోజన్ నుంచి అయస్కాంత ధ్రువణాన్ని బదిలీ చేసే త్వరిత పద్ధతి హైడ్రోజన్‌కు దూరంగా ఉన్న కార్బన్లను దాచేస్తుంది, శాతాలకు అది పనికిరాదు.

నాలుగు బంధాల వంతు కావాలంటే కార్బన్ కె-అంచు శోషణ (లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను ఎక్స్-కిరణంతో పైకి లేపి చూడడం) మంచిది. 285 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి పై-స్టార్ పీక్ మూడు బంధాల కార్బన్‌కు గుర్తు, 292 దగ్గర సిగ్మా-స్టార్ మొదలవుతుంది. ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌కు ప్రతిపాదన పంపవచ్చు, లేదా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో శక్తినష్ట వర్ణపటం తీయించవచ్చు. సూక్ష్మదర్శినిని 80 కిలోవోల్టులకు మించనివ్వకండి. అంతకు మించితే ఎలక్ట్రాన్లే పరమాణువులను తన్నేసి, మీరు కొలవవలసిన లోపాలను కొత్తగా పుట్టిస్తాయి.

ఆరో మెట్టు: గణన

ఎలక్ట్రాన్ల క్వాంటమ్ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ క్వాంటమ్ ఎస్ప్రెసో ఉచితం, సాధారణ డెస్క్‌టాప్ మీద లినక్స్‌లో నడుస్తుంది. ముందు రెండు పరమాణువుల గ్రాఫీన్‌తో మొదలుపెట్టండి. పీబీఈ పద్ధతిలో (ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని అంచనా వేసే ఒక ప్రామాణిక సూత్రం) జాలక పొడవు 2.46, 2.47 ఆంగ్‌స్ట్రాముల మధ్య రావాలి, బంధం 1.42. తరంగాల శక్తి పరిమితినీ, కె-బిందువుల (ఎలక్ట్రాన్ తరంగాలను లెక్కించే నమూనా బిందువుల) జాలాన్నీ పెంచుతూ పోండి. సమాధానం కదలడం ఆగినచోటే మీ పని మొదలవుతుంది. పొరకు పైన కనీసం 15 ఆంగ్‌స్ట్రాముల ఖాళీ ఉంచండి. పొరలు ఒకటి కన్నా ఎక్కువైతే వాన్ డర్ వాల్స్ (పొరల మధ్య బలహీన ఆకర్షణ) సవరణ తప్పనిసరి. అది లేని పీబీఈకి గ్రాఫైటు పొరలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టే తెలియదు.

తర్వాత లోపాలు. 5 × 5 పెట్టెలో 50 పరమాణువులు, 7 × 7లో 98. ఒక పరమాణువు తీసేస్తే ఖాళీ ఏర్పడే శక్తి ఏడున్నర ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ, ఒక బంధాన్ని 90 డిగ్రీలు తిప్పిన స్టోన్-వేల్స్ లోపానికి 5 దగ్గర రావాలి. ఈ రెండూ రాకపోతే కొత్త లోపాల జోలికి వెళ్లకండి. ఖాళీకి అయస్కాంత స్పిన్‌ను కూడా అనుమతించాలి. పెట్టె పెంచితే సమాధానం మారుతుందేమో చూడాలి, చిన్న పెట్టెలో లోపం తన ప్రతిబింబంతోనే కలహిస్తుంది.

అప్పుడు వర్ణపటాలు. దేనికి ఏది లెక్కించాలో తెలియక చాలా సమయం వృథా అవుతుంది. జీ బ్యాండ్‌కు పరిపూర్ణ గ్రాఫీన్‌లో గామా బిందువు దగ్గరి కంపనం (యూనిట్ సెల్‌లన్నీ ఒకేలా కదిలేది) చాలు. డీ బ్యాండ్ అలా రాదు. అది ఎలక్ట్రాన్, కంపనం, లోపం మూడూ కలిసిన జంట అనునాదం. పరిపూర్ణ గ్రాఫీన్ గామా కంపనాల్లో 1350ని వెతకడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఫోటోఎలక్ట్రాన్ పీకులకు లోపలి కక్ష్యలో రంధ్రం పెట్టి మొత్తం శక్తుల భేదం తీయాలి. పరమ విలువలను నమ్మకుండా, పెట్టెలోని దూరపు గ్రాఫీన్ కార్బన్‌తో పోల్చిన జరుగుబాటునే తీసుకోండి. కె-అంచుకు ఎక్స్‌స్పెక్ట్రా అదే ప్యాకేజీలో ఉంది, ఎన్ఎమ్ఆర్‌కు గీపా (GIPAW) పద్ధతి దానికి విడిగా జోడించుకునే చేర్పుగా దొరుకుతుంది. నానోట్యూబు కాంతి శోషణను సాదా పీబీఈ అంతరంతో పోల్చకండి. అక్కడ ఎలక్ట్రాను, రంధ్రమూ గట్టిగా కట్టుబడి ఉంటాయి, ఆ బంధాన్ని లెక్కించే బేతే-సాల్పీటర్ గణన 364 పరమాణువులకు డెస్క్‌టాప్‌తో అయ్యేది కాదు. కొలిచిన పట్టికతో సరిచేసిన టైట్-బైండింగే మన అవసరానికి సరిపోతుంది.

బొగ్గుకు దారి వేరు. వెయ్యి పరమాణువుల పెట్టెను గణనలోనే కరిగించి, వేర్వేరు వేగాలతో చల్లార్చి, డజన్ల కొద్దీ నమూనాలు తయారు చేయాలి. దీనికి లాంప్స్‌లో (పరమాణువుల కదలికలను అనుకరించే ఉచిత సాఫ్ట్‌వేర్) యంత్రాభ్యాస పొటెన్షియల్ (క్వాంటమ్ లెక్కల నుంచి నేర్చుకున్న శక్తి సూత్రం) వాడండి. డెరింగర్, చాన్యీ 2017లో అస్తవ్యస్త కార్బన్‌కు కట్టిన ‘గ్యాప్’ (GAP) అనే పొటెన్షియల్ ఆ కోవలో మొదటి వరుసది. పెట్టె సాంద్రతను మీరు కొలిచిన సాంద్రతకు దగ్గరగా పెట్టండి, నాలుగు బంధాల వంతును నిర్ణయించేది చాలావరకు అదే.

అక్టోబరులో తుపానుల సంగతి ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గంటకోసారి స్థితిని భద్రపరిచేలా, ఆగినచోటి నుంచి మళ్లీ మొదలయ్యేలా ఇన్‌పుట్ ఫైలు రాసుకోకపోతే వారం లెక్క కరెంటుతో పాటే పోతుంది.

ఏడో మెట్టు: ఎదురెదురుగా పెట్టడం

గణన వర్ణపటాన్ని కొలిచినదాని మీద పెట్టినప్పుడు కన్ను మోసపోతుంది. అందుకని నియమాలు ముందే నిర్ణయించండి. అడ్డంగా జరిపేందుకు ఒక్క సంఖ్యకే అనుమతి, అది అభ్యర్థులందరికీ ఒకటే. వెడల్పు పరికరం చెప్పినదే. ఒక అభ్యర్థికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా జరిపితే ఏదైనా దేనికైనా సరిపోతుంది. మిశ్రమంగా నింపవలసి వస్తే అభ్యర్థుల సంఖ్యను వర్ణపటంలోని స్వతంత్ర లక్షణాల సంఖ్య కన్నా తక్కువగా ఉంచండి. ఒక వర్ణపటాన్ని పక్కన దాచి, మిగిలినవాటితో తేలిన నమూనా దాన్ని సరిగ్గా ఊహిస్తుందో లేదో చివర్లో చూడండి. నేనైతే ఎన్ఎమ్ఆర్‌ను దాస్తాను, అది మిగిలినవాటికి దూరపు చుట్టం.

రెండు అభ్యర్థులు మిగిలిపోతే రెండూ రాయండి. ‘గ్రాఫీన్ తయారైంది’ అని కాక ఇలా రాయవచ్చు: “పొరల దూరం 3.43 ఆంగ్‌స్ట్రాములు. 2డీ ఒకే పీక్, వెడల్పు 52 సెం.మీ⁻¹, కాబట్టి క్రమం లేని బహుళపొరలు. 532 లేజరుతో స్ఫటిక భాగాల వెడల్పు 16 నానోమీటర్ల దగ్గర. ఆక్సిజన్ ప్రధానంగా హైడ్రాక్సిల్, ఎపాక్సైడ్ రూపాల్లో ఉంది, వాటి నిష్పత్తిని ఈ కొలతలు తేల్చలేవు.” దానికి ముడి వర్ణపటాలు, లేజరు శక్తి, కొలిచిన రోజు తేమ, ఇన్‌పుట్ ఫైళ్లు, ఓడిపోయిన అభ్యర్థుల నిర్దేశాంకాలు జతచేయండి. ఇంకొకరు కొత్త అభ్యర్థితో వస్తే మొదట తెరిచేది ఆ ఫైళ్లనే.